ఈ పుంజును ఎవరికిద్దాం?

పిల్లలు ముద్దుగా పెంచారు. ఇరుగుపొరుగు గోల పెట్టారు. తీసుకెళ్తామనేవాళ్లు బోలెడుమంది. పెంచుతామనేవాళ్లే దొరకడం లేదు.

బోడుప్పల్‌లో ఓ ఇంటి డాబా. నీళ్ల ట్యాంకు కింద ఇటుకలు పేర్చి, పైన పాత ఫ్లెక్సీ కప్పిన గూడు. దాని ముందు తెల్ల పుంజొకటి నూకలు ఏరుతోంది. ఎర్రటి జుట్టు నిటారుగా నిలిచి ఉంది. దాని పేరు పింకీ. కిందటేడు బడి గేటు దగ్గర కొన్నప్పుడు అది గులాబీ రంగు పిల్ల. ఈకలు మారాక రంగు పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది.

దాన్ని చూడ్డానికి ఓ పెద్దాయన వచ్చాడు. పాలు పోసే అతని బంధువట. వస్తూనే పుంజు కాళ్లు రెండూ కలిపి పట్టి, తలకిందులుగా పైకి లేపాడు.

"రెండు కిలోలు పైనే ఉంటదమ్మా."

"మీరు సాదుకుంటరు కదా అన్నా?" ఇంటావిడ అడిగింది.

"ఎందుకు సాదుకోం? దసరా దాకా మంచిగ సాదుకుంటం."

పక్కనే ఉన్న నాలుగో తరగతి పిల్లాడు దసరాకు ఎన్ని నెలలుందో వేళ్ల మీద లెక్కపెట్టాడు. పెద్దాయన అబద్ధం చెప్పలేదు, మోసం చేయలేదు. ఆయన ఇంట్లో పుంజంటే అదే. "మళ్ల ఫోన్ చేస్తం అన్నా" అని ఆవిడ పుంజును చేతుల్లోకి తీసుకుంది.

డాబా మీద నాలుగు కోళ్లు పెంచుకునే సరదా నగరాల్లో పెరిగింది. ఇంటి గుడ్డు తినాలని కొందరు, పిల్లలకు కాలక్షేపమని కొందరు, ఊళ్లో వదిలేసి వచ్చిన పెరడు గుర్తుకొచ్చి ఇంకొందరు మొదలుపెడుతున్నారు. నాలుగైదు నెలలు సాఫీగా నడుస్తుంది. ఓ తెల్లవారుజామున అందులో ఒకటి మెడ చాచి కూస్తుంది. మర్నాటికి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు వస్తుంది. ఇక ఇంటివాళ్లు దానికో చోటు వెతకాలి. కుక్కపిల్లను ఇస్తామంటే అడిగేవాళ్లుంటారు, పిల్లిపిల్లకూ ఉంటారు. పుంజును ఇస్తామంటే అవతలివాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత ఎన్ని కిలోలుంటుందని అడుగుతారు.

పది రూపాయల పిల్ల

పింకీ లాంటివాటి కథ హేచరీలో మొదలవుతుంది. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పుంజుకు పనిలేదు. గుడ్డు పెట్టదు. పోనీ మాంసానికి పెంచుదామంటే, బ్రాయిలర్ నలభై రోజుల్లో తూగే బరువుకు దీనికి నాలుగైదు నెలలు పడుతుంది. అంతకాలం దాణా ఎవరు పోస్తారు? అందుకే గుడ్డులోంచి బయటపడిన రోజే పిల్లల్ని ఒక్కొక్కటిగా పట్టి చూసి ఆడవి, మగవి వేరు చేస్తారు. పెట్టపిల్లలు ఫారాలకు వెళ్తాయి. మగపిల్లల్ని చాలాచోట్ల ఆ రోజే చంపేస్తారు. ప్రపంచం మొత్తం మీద ఏటా ఇలా పోయేవి 700 కోట్ల దాకా ఉంటాయని అంచనా. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దీన్ని నిషేధించింది. గుడ్డు పొదుగులో ఉండగానే లోపలున్నది ఆడో మగో తేల్చే యంత్రాలు అక్కడ వచ్చాయి.

మన దగ్గర అలా మిగిలిన మగపిల్లల్లో కొన్ని రంగు నీళ్లలో మునిగి, గంపలకెక్కి సంతలకూ జాతర్లకూ బడి గేట్లకూ వస్తాయి. గులాబీ, ఆకుపచ్చ, నీలం. పదో ఇరవయ్యో రూపాయలు. పిల్లాడు ఏడుస్తాడు, తండ్రి జేబులో చెయ్యి పెడతాడు. అమ్మేవాణ్ని "ఇది పెట్టేనా?" అని అడిగితే "పెట్టే సార్" అంటాడు. ఆ గంపలో పెట్ట దొరకడమంటే లాటరీ తగిలినట్టే.

వాటిలో చాలా వాటికి పుంజయ్యే యోగం కూడా ఉండదు. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లికోడి రెక్కల కింద అయితే అది దానంతటదే దొరుకుతుంది. అట్టపెట్టెలో పాత చీరముక్క పరిచి, పైన బల్బు వేలాడదీసిన ఇంట్లో పిల్ల నిలుస్తుంది. ఆ సంగతి తెలియని ఇంట్లో రెండు రోజులకే మెడ వాల్చేస్తుంది. బతికి బట్టకట్టిన ఒకటీ అరా మీద ఆ ఇంటికి మమకారం పుడుతుంది. భుజమెక్కుతుంది, పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొస్తుంది, బడి నుంచి వచ్చే వేళకు గుమ్మం దగ్గర కాపు కాస్తుంది. కోడి మనుషుల్ని విడివిడిగా గుర్తుపట్టగలదు. పెంచినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

పెట్టకు లేని కష్టం

పెట్టను వదిలించుకోవాలంటే ఒక్క ఫోన్ చాలు. గుడ్లు పెట్టే కోడిని ఎవరైనా ఉంచుకుంటారు. పుంజు విషయంలో లెక్క వేరు. ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు సరిపోతుంది. గుడ్లు పొదిగిస్తే పుట్టేవాటిలో సగం మగవే. అంటే ప్రతి పెరట్లోనూ ఉండాల్సిన దానికంటే పుంజులు ఎప్పుడూ ఎక్కువే. పల్లెల్లో ఆ ఎక్కువ ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. అల్లుడొచ్చిన రోజు ఒకటి, బోనాలకొకటి, కనుమకొకటి.

రెండు పుంజుల్ని ఒకే గూట్లో ఉంచితే పైచేయి ఎవరిదో తేలేదాకా కొట్టుకుంటాయి. పెట్టలు తక్కువైతే ఒకటి రెండు పెట్టల వెంటే పడి వాటి వీపు మీద ఈకలు ఊడగొడతాయి. కాలి వెనక ముల్లు ముదిరాక కొన్ని పిల్లల మీదికీ లంఘిస్తాయి. అపార్ట్‌మెంట్‌లో ఇవన్నీ భరించడం కష్టమే.

అలాగని పుంజు దండగమారి కాదు. పెరట్లో పుంజును ఓ గంట గమనించి చూడండి. గింజో పురుగో కనపడితే వెంటనే మింగదు. ముక్కుతో ఎత్తుతుంది, కింద పడేస్తుంది, మళ్లీ ఎత్తుతుంది, గొంతులో కొక్కొక్కొమని సన్నగా పిలుస్తుంది. పెట్టలు పరిగెత్తుకొచ్చి తినేదాకా అక్కడే నిలబడుతుంది. పైన గద్ద నీడ కనబడితే ఒక రకంగా అరుస్తుంది, నేల మీద పిల్లో కుక్కో వస్తే ఇంకో రకంగా. మొదటి అరుపుకు పిల్లలు ఎక్కడివక్కడ నక్కుతాయి. రెండోదానికి మెడలెత్తి చూస్తాయి. పుంజు లేని పెరట్లో ఈ కావలి ఉండదు.

> తొలికూత వెనక
>
> వెలుగు చూసి పుంజు కూస్తుందనుకుంటాం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో పుంజుల్ని రోజంతా ఒకేలా మసక వెలుతురులో ఉంచి చూశారు. అయినా అవి రోజూ వేళకే కూశాయి. ఒంట్లోని గడియారమే వాటిని లేపుతోంది. మామూలు రోజుల్లో తెల్లారడానికి దాదాపు రెండు గంటల ముందే మొదలుపెడతాయి. వీధిదీపం, కారు లైటు, పక్క పుంజు కూత కూడా వాటిని రెచ్చగొడతాయి.
>
> అదే బృందం 2015లో ఇంకో సంగతి బయటపెట్టింది. గుంపులో పెద్దరికం ఉన్న పుంజే ముందు కూస్తుంది. మిగిలినవి హోదా ప్రకారం వరుసగా అందుకుంటాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది ఆ స్థానంలోకి వస్తుంది. కాబట్టి రెండు పుంజులున్న ఇంట్లో ఒకదాన్ని ఇచ్చేసినా తెల్లవారుజాము కూత ఆగదు.
>
> బెల్జియం శాస్త్రవేత్తలు 2018లో పుంజు చెవి దగ్గర మైకు పెట్టి కొలిస్తే కూత 100 డెసిబెల్స్ దాటింది. ఒక పుంజుది 140 కూడా దాటింది. ముక్కు పూర్తిగా తెరిచినప్పుడు దాని చెవి రంధ్రం మూసుకుపోతుంది. ఆ సదుపాయం పొరుగింటివాళ్లకు లేదు.

కోర్టుకెక్కిన కూతలు

2025 ఫిబ్రవరిలో కేరళలోని అడూర్‌లో ఓ పెద్దాయన ఆర్డీవోకు ఫిర్యాదు చేశాడు. పక్కింటి పుంజు తెల్లవారుజామున మూడింటికే కూస్తోందనీ, తనకు నిద్ర లేదనీ ఆయన బాధ. అధికారి విచారణ జరిపి, మేడ మీదున్న కోళ్ల షెడ్డును 14 రోజుల్లో అదే స్థలంలో మరో పక్కకు మార్చమని ఆదేశించాడు. పుంజును చంపమనలేదు, ఊరు దాటించమనలేదు. నాకు ఇది తెలివైన తీర్పనిపించింది. పెద్దాయనకు నిద్రా దక్కింది, పుంజుకు ప్రాణమూ దక్కింది.

ఫ్రాన్స్‌లో ఇంకా పెద్ద రభస జరిగింది. ఓలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు మీద పొరుగువాళ్లు దావా వేశారు. 2019 సెప్టెంబరులో రోష్‌ఫోర్ కోర్టు పుంజు పక్షానే నిలిచి, ఫిర్యాదుదారులే వెయ్యి యూరోలు చెల్లించాలని చెప్పింది. 2021 జనవరిలో ఏకంగా చట్టమే వచ్చింది. పల్లెల్లో వినిపించే శబ్దాలు, వచ్చే వాసనలు కూడా వారసత్వమేనని ఆ దేశం ఒప్పుకుంది. అమెరికాలో మాత్రం చాలా నగరాల నిబంధనలు నాలుగైదు పెట్టలకు ఒప్పుకుని పుంజుకు అడ్డం చెబుతాయి. అక్కడ పెరట్లో కోళ్లు పెంచుకునే మనవాళ్లకూ పెట్ట అనుకుని తెచ్చుకున్న పిల్ల కూత మొదలుపెడితే ఇదే తలనొప్పి.

మన శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. పుంజును తలచుకుని రాసిన నిబంధనలు కావివి. డీజే పెట్టెలకే దిక్కులేని చోట పుంజు మీద కొరడా ఝళిపించడం నవ్వులాటే. కానీ రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సుకూ, పసిబిడ్డ తల్లికీ నిద్ర అవసరం. ఆ కష్టాన్ని పుంజు యజమాని కొట్టిపారేయకూడదు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ పంతం నగరంలో చెల్లదు.

రాత్రిపూట చీకటి గూట్లో, మెడ పూర్తిగా చాచలేనంత తక్కువ ఎత్తులో పడుకోబెట్టి, వెలుగొచ్చాక వదిలితే కూత కొంత తగ్గుతుంది. గాలి మాత్రం బాగా ఆడాలి. కూత రాకుండా మెడకు బిగించే పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటి జోలికి పోకండి. కొంచెం బిగుసుకున్నా ఊపిరాడదు.

తీసుకెళ్లేవాళ్లలో ఎన్ని రకాలు

కూరకు అడిగేవాళ్లు నయం. మొహం మీదే చెబుతారు. బోడుప్పల్ వచ్చిన పెద్దాయన అలాంటివాడు. జాగ్రత్తపడాల్సింది రెండో రకంతో. వాళ్లు బరువు అడగరు. రంగు అడుగుతారు, కాలు చూస్తారు, రొమ్ము తడుముతారు, దాని కంటి చూపు గమనిస్తారు. "మా తోటలో వదిలేస్తామండీ, హాయిగా తిరుగుతుంది" అంటారు. నాటు రక్తం, అందులోనూ అసీల్ పోలిక ఉన్న పుంజైతే ఈ మాట ఇంకా తీయగా వస్తుంది.

సంక్రాంతి మూడు రోజులు భీమవరం చుట్టుపక్కల, కోనసీమలో కోడిపందేల బరులెలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఆ బరుల కోసం పుంజును నెలల తరబడి బాదంపప్పు, కైమా పెట్టి, నీళ్లలో ఈత కొట్టించి తయారుచేస్తారు. మేలు జాతివి లక్ష రూపాయలు పలికిన సందర్భాలూ ఉన్నాయి. అంత రాజభోగమూ కాలికి కత్తి కట్టే ఆ కొద్ది నిమిషాల కోసమే. ఓడిన పుంజును గెలిచినవాడు కూరకు పట్టుకుపోతాడు. దాన్ని కోసగా అపురూపంగా చెప్పుకుంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండూ దీన్ని నేరమనే అంటున్నాయి. పల్నాటి యుద్ధం కాలం నుంచీ ఉన్న సంప్రదాయమని వాదించేవాళ్లున్నారు. అప్పటి కోడిపందెం తర్వాత పల్నాడుకు ఏమైందో కూడా వాళ్లే చెబితే బాగుంటుంది.

> రంగును బట్టి పేరు
>
> కుక్కుటశాస్త్రం నమ్మేవాళ్లు ఈకల రంగును బట్టి పుంజుకు పేరు పెడతారు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. మెడ మీద నలుపు తెలుపు ఈకలు కలిసుంటే పర్ల. రెక్కల మీదో వీపు మీదో పసుపు ఈకలుంటే నెమలి. ఇంకా కౌజు, మైల, పింగళ, రసంగి అంటూ జాబితా సాగుతుంది. ఏ వారం, ఏ జాములో ఏ రంగు గెలుస్తుందో కూడా లెక్కలున్నాయి. మీ పుంజును చూడ్డానికి వచ్చిన మనిషి నోట ఈ పేర్లు దొర్లితే, ఆయనది పెరటి పెంపకం కాదని అర్థం చేసుకోండి.

మూడో రకం, పుంజు నిజంగా కావాల్సినవాళ్లు. తక్కువే గానీ ఉన్నారు.

పెరటికి కొత్త పుంజు కావాలి

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి పెంపకంలోని కోళ్లు, బాతులు వగైరా 31.7 కోట్లు. అంతకుముందు లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు పల్లె పెరళ్లకు చేరాయి. మన నేల మీది అసీల్, ఘాగస్, కాళహస్తి జాతులూ అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ఇన్ని పెరళ్లున్న చోట పుంజుకు కరవేమిటని అనిపించవచ్చు. కరవు పుంజుకు కాదు, వేరే రక్తపు పుంజుకు.

పది పెట్టలున్న పెరట్లో ఒకే పుంజు రెండు మూడేళ్లు ఉంటే, తన కూతుళ్లతోనే జత కడుతుంది. చాలా గుడ్లు పిల్లలు కావు, అయిన పిల్లలు గిడసబారతాయి. అనుభవమున్న ఆడవాళ్లకు ఇది తెలుసు. అందుకే ఏడాదికో రెండేళ్లకో పక్క ఊరి చుట్టాలతో పుంజులు మార్చుకుంటారు. నగరంలో పెరిగిన నాటు పుంజుకు సరైన చోటు ఇక్కడే దొరుకుతుంది. 'దయచేసి పెంచుకోండి' అని బతిమాలే బదులు 'మీ పెట్టలకు కొత్త పుంజు కావాలా?' అని అడిగి చూడండి. అప్పుడది వాళ్లకు బరువు కాదు, అవసరం.

పింకీ లాంటి లేయర్ పుంజులకు అక్కడా చిక్కు ఉంది. గుడ్ల ఫారాల్లో ఎక్కువగా ఉండేది వైట్ లెగ్‌హార్న్ రక్తం. ఆ జాతిలో పొదిగే గుణాన్ని తరాల తరబడి తగ్గించుకుంటూ వచ్చారు. దానికి పుట్టిన పెట్టలు గుడ్లు బాగానే పెడతాయి గానీ, పొదుగు మీద కూర్చోవడం అనుమానమే. పల్లె ఇల్లాలికి పొదిగే పెట్టే కావాలి. రంగు ఇంకో సమస్య. భువనగిరి దగ్గర ఓ ఊళ్లో అయిదు పెట్టలున్న అవ్వ దగ్గరికి పింకీని తీసుకెళ్తే, ఆమె ముందు ఆకాశం వంక చూసింది.

"తెల్ల పుంజు పెరట్ల నిలుస్తదా బిడ్డా? గద్దకు ఆమడ దూరం నుంచే కనవడ్తది."

అయినా ఉంచుకుంది. ఆమె పుంజును నెల కిందటే ముంగిస ఎత్తుకుపోయింది. పిల్లాడు పింకీ కాలికి నల్లదారం కట్టాడు. ఆ దారాన్ని చూసి అవ్వ, "అమ్మోరి పేరు మీద ఇడిశిన కోడికి కడ్తరు ఇట్ల. ఊర్ల ఎవ్వరు ముట్టరు" అంది. మొక్కు కోడి కూడా జాతర దాకానే భద్రమని పిల్లాడికి ఎవరూ చెప్పలేదు, మంచిపని చేశారు.

> బస్సెక్కిన పుంజులు
>
> 2022 ఫిబ్రవరిలో పెద్దపల్లి నుంచి కరీంనగర్ వెళ్తున్న ఆర్టీసీ బస్సులో ఓ ప్రయాణికుడు గుడ్డ కప్పి పుంజును తీసుకెళ్తూ దొరికిపోయాడు. కండక్టర్ దానికి 30 రూపాయల టికెట్ కొట్టాడు. బస్సులో జంతువుల్ని ఎక్కించకూడదని సంస్థ తర్వాత వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.
>
> 2024 జనవరిలో కరీంనగర్‌కు చేరిన బస్సులో ఎవరో మరిచిపోయిన పుంజు దొరికింది. డిపోవాళ్లు దానికి గింజలు పోసి, వేలం వేస్తామని ప్రకటించారు. అది తనదేనంటూ నెల్లూరు జిల్లా వాసి ఒకరు వీడియో విడుదల చేయడంతో కథ రాష్ట్రమంతా పాకింది.
>
> అంతకుముందు 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి ఠాణాలో ఓ పుంజును ఉంచారు. పందేనికి కట్టిన కత్తి తగిలి మనిషి చనిపోయిన కేసు అది. కత్తి కట్టింది మనుషులు, ఠాణాలో ఉన్నది పుంజు.

ఇచ్చే రోజు

ముందే వెళ్లి చోటు చూసి రండి. పెట్టలెన్ని, పాత పుంజు ఉందా, రాత్రికి తలుపున్న గూడు ఉందా అన్నవి చూస్తే చాలు. డాబా మీద పెరిగిన పుంజుకు కుక్క, ముంగిస అంటే ఏమిటో తెలియదు. మొదట్లో దాన్ని గంప కిందో జాలీ లోపలో ఉంచాలి. కొక్కెర తెగులుకు, మసూచికి టీకాలు వేయించి ఇస్తే తీసుకునేవాళ్లకూ ధైర్యం. వేరే కోళ్లలో కలిపే ముందు రెండు మూడు వారాలు విడిగా ఉంచమని గట్టిగా చెప్పండి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకి ఎంత నష్టం జరిగిందో చూశాం.

కాళ్లు కట్టి బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి తీసుకెళ్లడం మనకు అలవాటైన దృశ్యం. దాని బరువంతా కాళ్ల కీళ్ల మీద పడుతుంది, ఊపిరి తీయడమూ కష్టమవుతుంది. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో కాస్త గడ్డి వేసి, చల్లబడ్డాక సాయంత్రం బయల్దేరండి. తినే దాణా ఓ వారానికి సరిపడా వెంట ఇవ్వండి. విడిగా ఉంచిన గడువయ్యాక చీకటి పడ్డాకే పెట్టల పక్కన దండె మీద కూర్చోబెడితే, తెల్లారి గొడవ తక్కువగా ఉంటుంది. అవతలివాళ్లను రోజూ ఫోన్ చేసి ఫొటో పంపమని వేధించొద్దు. ఇచ్చాక అది వాళ్ల కోడి. ఆపదొస్తే తిరిగి తీసుకుంటామని మాత్రం ఒక మాట చెప్పి ఉంచండి.

పిల్లలకు నిజమెంత చెప్పాలన్నది ఇంటింటి సంగతి. 'ఫారంకు పంపించాం' అని చెప్పి, ఆ ఆదివారమే పొరుగింటి కూర గిన్నె తెచ్చి పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. అలాంటివాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు. కూరకే ఇవ్వాలనుకుంటే అదీ తప్పేం కాదు, కోడిని తినే సమాజమే మనది. కానీ పెంచుకోమని ఇస్తున్నామని పిల్లాడికి చెప్పినప్పుడు, ఆ మాట నిలిచే చోటే వెతకాలి.

పుంజును ఒంటరిగా కాకుండా అది అలవాటుపడిన పెట్టతో కలిపి ఇవ్వండి. పుంజుకు తోడుంటుంది, తీసుకున్నవాళ్లకు గుడ్డు దొరుకుతుంది, ఉంచుకోవడానికి వాళ్లకో కారణం మిగులుతుంది. ముఖం తెలియని మనిషి ఎంత ధర పెట్టినా, సంక్రాంతికి ముందు రెండు నెలలు పుంజును ఎవరికీ ఇవ్వకండి. ఈసారి బడి గేటు దగ్గర రంగు పిల్లల గంప కనిపిస్తే, పిల్లాణ్ని ఎత్తుకుని ముందుకు నడవండి.